మునిగిన ఓడ, మిగిలిన మండపము

రాయవేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయమునకు పోయినవారికి గోపురము దాటగనే బయటి ప్రాకారములో కల్యాణమండపము కనబడును. దానిని చూపించువారెవరైనను సరే, శిల్పములకంటె ముందు ఒక కథ చెప్పుదురు. కంపెనీ దొరలు ఈ మండపమును చూచి మోహపడి, రాయికి రాయి విడదీసి సీమకు తరలింపదలచిరట. అందుకొరకై వచ్చుచున్న ఓడ నడిసముద్రమున మునిగిపోయినదట. అందుచేత మండపము మనకు దక్కినదట. చెప్పువారినిబట్టి కథ కొంత మారుచుండును. రాళ్ళకు అంకెలుకూడ వేసిరని కొందరు చేర్చుదురు. గుడియాత్తములోని మా బంధువొకరైతే ఆ గాలివానను స్వామియే పంపెనని చెప్పనిదే కథ ముగింపరు.

ఈ కథను నేను చిన్ననాటినుండి వినుచున్నాను. పదిమందికి చెప్పియు ఉన్నాను. ఇటీవల మా మనుమని వెంటబెట్టుకొని కోటకు పోయినప్పుడు, అలవాటు చొప్పున, మండపము మెట్ల దగ్గర నిలిచి వానికిని చెప్పితిని. వాడు శ్రద్ధగా విని, "ఆ ఓడలో ఉండినోళ్ళు ఏమైపోయినారు తాతా?" అని అడిగెను. నాకు జవాబు తోచలేదు. "పద, పైన చిలకలు చూస్తాము" అని లోపలికి తీసికొనిపోయితిని.

అరువదియేండ్లుగా చెప్పుకొనుచున్న కథలో ఒక్క మనిషియైనను లేడని అప్పటివరకు నాకు స్ఫురింపలేదు. ఓడ కలదు, రాళ్ళు కలవు, దొరలు కలరు, దేవుడు కలడు. నావికులు లేరు. ఆ కాలపు కంపెనీ ఓడలలో తెల్లవారితోపాటు మన దేశపు లష్కరులును పనిచేయుచుండిరి. మునిగినది ఓడయే అయినచో వారును మునిగియుందురు గదా! మండపము దక్కినదని మనము చేతులు జోడించు చోట ఎవరి ఇల్లాలో గాజులు పగులగొట్టుకొని యుండును. కథకు ఇది మొదటి దోషము. విమర్శకుని దృష్టితో చూచినచో ఇంకను కొన్ని కలవు. వాటిని విచారించుటయే ఈ వ్యాసమునకు పని.

ముందు గుణములు చెప్పుట న్యాయము. కథ క్లుప్తమైనది. స్వామి పేరు జలకంఠేశ్వరుడు. కోట చుట్టును నీటితో నిండిన అగడ్త. నీటి నడుమనున్న దేవుని సొత్తును నీరే కాపాడుట యను కల్పన ఎంతో పొందికైనది. ఓడిపోయిన జాతి తన అవమానమునకు చెప్పుకొన్న ఊరట యని తలచినచో కంట తడి పెట్టించు కథయే. విజయనగరపు ఆరవీటి రాయలకు కడపటి రాజధానిగా నున్న ఊరిలో, చిన్నబొమ్మ నాయకుడు అప్పయ్య దీక్షితుల నాదరించిన ఊరిలో, దొరల ఫిరంగులు నిలిచిన తరువాత మనవారికి మిగిలినది ఇట్టి కథలే.

అయితే ఈ కథలో సముద్రము న్యాయాధిపతి. మనము సాక్షులము కూడ కాము. ఒడ్డున నిలిచి చూచుచుందుము, అంతే. సముద్రము నిజముగనే ఇట్టి తీర్పులు చెప్పునదైనచో 1859లో ఎందుకు చెప్పలేదు? గుంటూరు సీమలోని అమరావతి స్తూపపు రాళ్ళను 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించి మద్రాసుకు పంపెను. అవి అచ్చట ఎండకు వానకు ఎన్నియో యేండ్లు పడియుండి, 1859లో ఓడనెక్కి లండనుకు పోయినవి. ఏ గాలివానయు రాలేదు. ఏ ఓడయు మునుగలేదు. ఆ సున్నపురాతి పలకలు నేటికిని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. జలకంఠేశ్వరునికి పట్టిన దయ బుద్ధదేవునకు పట్టలేదని చెప్పుదమా? మరియొక సంగతి. ఇలియట్ కంటె అర్ధశతాబ్దము ముందు, 1797లో, మెకంజీ అచ్చటికి పోవునప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయని మనుష్యులు క్రొత్త పట్టణపు కట్టడములకై ఆ దిబ్బను త్రవ్వి రాళ్ళను తీసికొనిపోవుచుండిరి. కొన్ని పలకలు సున్నపు బట్టీలలో కాలిపోయినవి. ఓడనెక్కిన రాళ్ళకొరకు ఏడ్చు మనము బట్టీలోపడిన రాళ్ళ మాట ఎత్తము.

ఓడ నిజముగా మునిగిన సందర్భము వేరొకటి కలదు. గ్రీకుదేశములోని పార్థినాను ఆలయమునుండి ఎల్గిన్ ప్రభువు ఊడదీయించిన శిల్పములు పెట్టెలకెక్కి, 'మెంటరు' అను ఓడలో పోవుచుండగా 1802 సెప్టెంబరులో కిథెరా ద్వీపమువద్ద ఆ ఓడ మునిగెను. మన కథ అచ్చముగా అచ్చట జరిగినదన్నమాట. కాని తరువాత జరిగినది వేరు. స్పాంజి తీయు గజఈతగాండ్రను కూలికి కుదిర్చిరి. వారు ఊపిరి బిగబట్టి మునిగి, రెండేండ్లపాటు శ్రమించి, పెట్టెలన్నిటిని పైకి తెచ్చిరి. 1816లో బ్రిటిషు పార్లమెంటు ఆ శిల్పములను కొనెను. సముద్రము ఇచ్చిన తీర్పును ఈతగాండ్రు కొట్టివేసిరి. వేలూరు రాళ్ళతో నిండిన ఓడ మద్రాసు రేవు దాటి మునిగియుండినచో, మన తీరపు ఈతగాండ్రనే పిలిచి, మన కూలియే యిచ్చి, వాటిని పైకి తీయించియుందురని ఊహించుటకు పెద్ద కల్పనాశక్తి అక్కరలేదు.

ఆ ఈతగాండ్రు చేసినది తప్పా? ప్రాణమునకు తెగించి మునిగినవారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. రాళ్ళను గోడనుండి పెరికినవారు వేరు, కూలికి మునిగినవారు వేరు. నేలమీద జరిగిన మొదటి పనిని విడిచి నీటిలో జరిగిన రెండవ పనిని మాత్రమే విచారించుట సగము విచారణ. మన కాలములో ఈ ప్రశ్న మరింత చిక్కుపడినది. ఊపిరితిత్తుల బలముమీద నాలుగు నిమిషములు మునుగు దినములు పోయినవి. గాలిసీసాలు వీపున కట్టుకొని గంటకొలది నీటి అడుగున తిరుగువారు కలరు. యంత్రములను దింపి మైళ్ళలోతునుండి వస్తువులను తీయువారు కలరు. సముద్రపు అడుగున నున్నది దొరకినవానిదే యను వాదము వారి నోట తరచుగా వినబడును.

వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఉప్పునీరు ఇనుమును తినును, పురుగు కొయ్యను తొలుచును, పెద్దవలలు అడుగును దున్నుకొనిపోవును, మేము తీయకున్న ఎవరికిని దక్కదు, చీకటిలో చెడిపోవుటకంటె ఎవరి యింటనో వెలుగులో నుండుట మేలు గదా, అందురు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. కాని పైకి తీసినమాత్రాన వస్తువు బ్రతుకదు. రెండువందల యేండ్లు ఉప్పునీటిలో నానిన ఇనుము గాలి తగులగనే పొరలు పొరలుగా రాలిపోవును. కొయ్య ఎండి బీటలువారును. ఉప్పును మెల్లమెల్లగా విడిపించుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. ఆ ఓపికయు ధనమును ఉన్నవారు సామాన్యముగా అమ్మకమునకై తీయరు.

1752లో దక్షిణ చైనా సముద్రములో మునిగిన డచ్చి కంపెనీ ఓడ 'గెల్డర్‌మాల్సెన్' సంగతి చూడుడు. అందున్న 112 మందిలో 80 మంది చనిపోయిరి. 1985లో మైకేల్ హాచర్ అను వ్యాపారి దానినుండి లక్షకు పైగా పింగాణి పాత్రలను, నూటికి పైగా బంగారు కడ్డీలను తీసెను. 1986లో ఆమ్‌స్టర్‌డాములో వేలము జరిగెను. పాత్రలు ప్రపంచమంతట చెదరిపోయినవి. ఏ పాత్ర ఏ పెట్టెలో, ఏ అరలో ఉండెనో, ఓడ ఏ వైపున విరిగెనో, నావికుని సొంతపు గిన్నె ఏదో, అమ్మకపు సరుకు ఏదో తెలిసికొను త్రోవ మూసికొనిపోయెను. కప్పు మిగిలినది. ఓడ మిగులలేదు. ఇంటిని కూలద్రోసి తలుపు గొళ్ళెమును దాచుకొన్నవాడు ఇంటిని కాపాడితినని చెప్పుట వంటిదిది.

మండపము విషయములోను ఇదే సూక్ష్మము. మా మనుమనికి చూపించిన చిలకలు పైకప్పు నడుమనున్న పద్మము చుట్టును తలక్రిందులుగా వ్రేలాడుచున్నవి. వాటిని చూడవలెనన్న మెడ విరుచుకొని, నోరు తెరచుకొని, నేలమీద మెల్లగా తిరుగవలెను. అట్లు తిరుగునప్పుడే చిలకలును తిరుగును. ఎదురుగా స్తంభములపై ముందుకాళ్ళెత్తిన గుఱ్ఱములు, యాళులు, వాటిపై రౌతులు. ఒక చోట ఎద్దునకును ఏనుగునకును కలిపి ఒక్కటే తల. ఎడమవైపు మూసి చూచిన ఎద్దు, కుడివైపు మూసి చూచిన ఏనుగు. ఏ వైపున ఏది యని మా యింట తగవులాడుకొనుట కూడ కలదు. ఈ శిల్పములన్నిటిని ఏ దూరదేశపు గదిలోనో గోడకు చేర్చి నిలిపినచో ఒక్కొక్కటి చెక్కుచెదరక యుండవచ్చును. పైకప్పు బరువు యాళి వెన్నుమీదుగా నేలకు దిగు తీరు ఉండదు. పెండ్లికొడుకైన స్వామి వచ్చి కూర్చుండు చోటు ఉండదు.

ఇచ్చట ఒక విషయము మన కథకులు మరచుచుందురు. రాళ్ళు కదలలేదు గాని దేవుడు కదలెను. యుద్ధముల భయముచేత స్వామిని కోటనుండి తరలించిరి. ఎంతోకాలము ఆయన సత్తువాచారిలో నుండెను. ఖాళీ గుడిని సైన్యము మందుగుండు కొట్టుగా వాడుకొనెను. 16 మార్చి 1981న ఊరివారు లింగమును మరల తెచ్చి గుడిలో నిలిపిరి. ఉన్నచోటినుండి తీయుటయే దోషమైనచో స్వామిని తరలించినవారును దోషులే కావలెను. కారు. ఎందుకన, ఎక్కడినుండి తెచ్చిరో మరువలేదు, ఎక్కడికి తిరిగి పోవలెనో మరువలేదు, దాచిన తావు పదిమందికి తెలియును. ఎవ్వరును అమ్ముకొనలేదు.

తీయుటలో ఇట్టి మర్యాద నీటి అడుగునకును కలదని గ్రీకుదేశపు స్పాంజి ఈతగాండ్రే మరల నిరూపించిరి. 1900లో సిమీ ద్వీపమువారు కొందరు ఆంటికిథెరావద్ద రెండువేల యేండ్లనాటి ఓడను, అందలి కంచు పాలరాతి విగ్రహములను కనుగొనిరి. వారు ప్రభుత్వమునకు తెలియజేసిరి. నౌకాదళపు ఓడ వచ్చెను. వారే మునిగి తీసిరి. వస్తువులు ఏథెన్సు మ్యూజియమునకు చేరినవి. గ్రహగతులను లెక్కించు పండ్లచక్రముల యంత్రము దొరకినది ఆ ఓడలోనే. ఆ పనిలో ఒక ఈతగాడు ప్రాణము విడిచెను, ఇద్దరికి కాళ్ళుచేతులు పడిపోయెను. అప్పటి పద్ధతులు నేటి శాస్త్రజ్ఞులు మెచ్చునట్టివి కావు. అయినను ఒక్క చక్రపు ముక్క కూడ వేలమునకు పోలేదు.

మన తీరములో పూంపుహారువద్ద మునిగిన పదునెనిమిదవ శతాబ్దపు ఓడను గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు పరిశీలించిరి. అందు దొరకిన సీసపు దిమ్మెలమీద అచ్చు వేసిన పేరును 1791, 1792 సంవత్సరములును కలవు. సీసమునకు బజారులో వెల యెంత? పాత ఇనుప సామానుల కొట్టులో తూకమునకు పోవలసిన దిమ్మెయే, చదువగలిగినవాని చేతబడినందున చరిత్రయైనది.

చట్టములు రానేవచ్చినవి. 2001లో యునెస్కో చేసిన ఒడంబడిక 2009నుండి అమలులోనున్నది. నూరేండ్లు నీటిలోనున్న అవశేషములను సాధ్యమైనంతవరకు ఉన్నచోటనే కాపాడవలెననియు, వ్యాపారమునకై తీయరాదనియు దాని సారము. మన దేశపు పురావస్తువుల చట్టము 1972 నాటిది. ఆ చట్టము మాట ముందు మరల వచ్చును.

ఇక నావికుల సంగతి. 1971 డిసెంబరులో విశాఖపట్టణము వెలుపల పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' మునిగెను. లోపల 90 మందికి పైగా ఉండిరి. మనకు కీడు తలపెట్టి వచ్చినవారే. ఐదు దశాబ్దములు దాటిన తరువాత మన నౌకాదళము క్రొత్త యంత్రములతో ఆ స్థలమును మరల చూచినప్పుడు, చనిపోయినవారియెడ గౌరవముచేత దానిని ముట్టలేదని 2024లో వార్త వచ్చెను. ఆ వార్త చదివిన దినమున మా మనుమని ప్రశ్న మరల చెవిలో మ్రోగెను. శత్రువు ఓడలోనివారిని మన నావికులు మనుష్యులుగా నెంచిరి. కథలోని ఓడను మునుగగొట్టిన మేము మాత్రము ఒక్కరినైనను ఎంచలేదు.

వేలూరులో ఇట్టి విషయమునకు వేరొక సాక్ష్యము కలదు. కండి రాజ్యపు కడపటి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు, మధుర నాయకుల సంబంధపు వంశమువాడు, 1815లో పట్టుబడి, 1816నుండి ఈ కోటలో బందీయై, 1832 జనవరిలో ఇచ్చటనే చనిపోయెను. పాలారు చెంత ఆయన సమాధి కలదు. ఆయన సింహాసనమును ఇంగ్లండుకు కొనిపోయి విండ్సరు కోటలో ఉంచిరి. 1934లో దానిని సింహళమునకు తిరిగి యిచ్చిరి. రాజు చనిపోయి నూటరెండేండ్లయినది. ఏ ఓడయు మునుగ నక్కరలేకయే, అడిగి, వ్రాసి, మాటలాడి తెచ్చుకొన్న వస్తువిది. మన వారు కోట చూడ వచ్చినప్పుడు ఓడ కథతోపాటు ఈ సంగతియు చెప్పినచో బాగుండును. కాని ఇందులో గాలివాన లేదు, పిల్లలకు రుచింపదేమో!

నీటిలోని వస్తువును ఎప్పుడు తీయవలెను, ఎప్పుడు విడువవలెను అను విచారము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. కాంచీపురపు అత్తివరదస్వామి కోనేటి అడుగుననే యుండును. నలువదియేండ్లకొకసారి పైకి తీయుదురు. 1979లో తీసిరి, 2019లో తీసిరి. 48 దినములు లోకమునకు చూపించి మరల నీటిలోనే ఉంచిరి. 2019లో మా గుడియాత్తమునుండి బస్సులు బస్సులుగా పోయినవారిలో నేనొకడను. ఇంత మంది వచ్చుచున్నారు, పైననే ఉంచరాదా యని అడిగినవారు అప్పుడును లేకపోలేదు. ఉంచలేదు. మరల చూడవలెనన్న 2059 వరకు బ్రతుకవలెను. నావంటివానికి ఆ ఆశ లేదు. అయినను ఆ నియమము నాకు నచ్చినది.

ఇంతవరకు పరుల ఓడలను విమర్శించితిని. ఇప్పుడు మా యింటి మాట చెప్పక తప్పదు. గుడియాత్తములో మా పాత ఇంటి అటకమీద మూడు తాటాకు కట్టలుండెడివి. మా అవ్వ వాటికి ఏటేట సరస్వతీపూజనాడు పసుపు కుంకుమ పెట్టెడిది. ఆమెకు చదువ రాదు. మా నాయనకు అచ్చు తెలుగు వచ్చును గాని తాటాకు వ్రాత రాదు. మా తరము అరవములో చదివినది. అవ్వ పోయిన కొన్నాళ్ళకు, పాత సామానులు కొనువాడొకడు వీధిలో వచ్చి, దీపపుసెమ్మెలు, ఇత్తడి గంగాళములు బేరమాడి, అటకమీద ఏమున్నదని అడిగెను. రెండు కట్టలను, వాటి కొయ్యపలకలమీద రంగుబొమ్మలు చూచి ముచ్చటపడి, కొనిపోయెను. మూడవదానికి పలకలు లేవు. దానిని వద్దనెను. నిచ్చెన పట్టుకొన్నవాడను నేనే. అప్పటికి 1972 చట్టము అమలులోనే యుండెను. 75 యేండ్లు దాటిన వ్రాతప్రతులకు సాహిత్యపు విలువయో చరిత్రపు విలువయో ఉన్నచో పురావస్తువులేనని ఆ చట్టము చెప్పును. నాకు తెలియదు. తెలిసినను ఆ పూట ఇచ్చిన సొమ్ము అవసరమై యుండెను.

ఆ రెండింటిలో ఏమున్నదో ఎవరికిని తెలియదు. భారతమో, వైద్యమో, వలసవచ్చిన పెద్దల లెక్కలో. తీసినవాడు ఈతగాడా, దింపి యిచ్చిన మేమా దొంగలము? కొన్నవాడు పలకలమీది బొమ్మలకై కొనెను. ఆకులను ఏమి చేసియుండునో తలచుకొన్నప్పుడు ఆమ్‌స్టర్‌డాము వేలము నాకు పరాయి ముచ్చటగా తోచదు.

వ్రాతప్రతులను సేకరించినవారందరును అట్టివారని కాదు. సి. పి. బ్రౌను దొరయు తాటాకులు సేకరించినవాడే. కడపలో తన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి, జీతములిచ్చి, ప్రతికి ప్రతి పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. లండనులో కంపెనీ గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు గ్రంథములను మద్రాసుకు తిరిగి పంపించెను. తాను కూర్చిన గ్రంథములను మద్రాసులోనే వదలెను. నేడు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకాలయములో ఎవరైనను పోయి అడిగి చూడవచ్చును. దొరతనముతో వచ్చినవాడే, అయినను అతడు తీసినది మనకు మిగిలినది. మా అటకమీదిది మా కళ్ళయెదుటనే పోయినది.

ఈ సంచిక చేరు ఇండ్లలో, వేలూరులోను, గుడియాత్తములోను, ఆంబూరులోను, అటకలింకను కలవు. కట్టలుండవచ్చును. రాగిరేకులుండవచ్చును. ఎవరైనను ఈతగాడు తలుపు తట్టకమునుపే వాటిని దింపి, ఎచ్చట దొరకినదో, ఎవరిదో ఒక కాగితముమీద వ్రాసి ఉంచుడని మాత్రము వేడుకొనుచున్నాను. పుస్తకాలయమునకు ఇత్తురో, ఇంటనే ఉంచుకొందురో మీ యిష్టము.

మా మనుమనికి జవాబు చెప్పితిని. ఓడలో మనుష్యులుండియుందురనియు, వారి పేర్లు ఎవరును కథలో చేర్చలేదనియు చెప్పితిని. "మనము చేరుస్తామా?" అని అడిగినాడు. పేర్లు తెలియక చేర్చుట తప్పంటిని. కొంతసేపు ఊరకుండి, మూడవ కట్టను చూపుమనెను. దారము విప్పి మొదటి ఆకు చూపితిని. మసి పూసినచో అక్షరములు తేలునని విని యున్నాను గాని తెలిసినవారు చెప్పువరకు పూయను. వానికి ప్రతి సాయంకాలము ఓనమాలు దిద్దించుచున్నాను. ఇప్పటికి గుణింతములకు వచ్చినాడు.